అడగకుండా ఇచ్చిన మందు

2024 జూన్ నెలలో, బస్తర్ అడవులమీద తొలి వానలు కురిసిన వారంలో, అమెరికాలో ఉంటున్న మా తమ్ముని కుమారుని వద్దనుండి నాకొక ఉత్తరం వచ్చింది. ఉత్తరమంటే ఈ కాలపు ఉత్తరమే, చేతిలోని ఫోనులో వచ్చినది. అయినా కాగితం మీద వ్రాస్తే నాలుగైదు పుటలకు తక్కువ కాదు.

"పెదనాన్నా, ఈ సంగతి ఇంకా నాన్నతో కూడా చెప్పలేదు. ముందు మీకు చెప్పాలని ఎందుకనిపించిందో చదివితే మీకే తెలుస్తుంది" అని ఆరంభించాడు. అంతకు ముందు సంవత్సరం అక్కడి వైద్యులు అతనికి ఆటిజం ఉన్నదని నిర్ధారించారట. ముప్ఫైయేళ్ల వయసు, మంచి ఉద్యోగం, అనుకూలవతి అయిన భార్య. బడిలో ఒక్కడే గోడవారగా నిలబడి ఉండేవాడని, పెళ్లిళ్లలో మేడమీది గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడని మేము అతణ్ణి గర్విష్ఠి అనుకున్నాం. దానికి పేరున్నదని అతనికే ముప్ఫైయేళ్లకు తెలిసింది.

తరువాతి భాగం చదువుతూ ఉంటే నా చేయి వణికింది. ఆరిగాన్ రాష్ట్రంలో, ఓటర్లు 2020లో ఆమోదించిన శాసనాన్ననుసరించి, 2023 నుండి కొన్ని కేంద్రాలు నడుస్తున్నాయి. ఇరవైయొక్క సంవత్సరాలు నిండినవారు అక్కడ అనుమతి పొందిన మనిషి ప్రక్కన ఉండగా సిలోసైబిన్ అనే ద్రవ్యం గల పుట్టగొడుగులను తినవచ్చు. మావాడు తిన్నాడు. "మొదటి గంట నరకమే, పెదనాన్నా. గదిలోని శబ్దాలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆ తరువాత, పుట్టినది మొదలు నా లోపల మోగుతున్న రణగొణధ్వనిని ఎవరో తగ్గించినట్లయింది. ఇంటికి వచ్చి నా భార్య ముఖం చూశాను. ఎన్ని సెకండ్లు చూడాలో లెక్కపెట్టుకోకుండా చూడడం అదే మొదటిసారి. ఈ స్థితి మూడు వారాలున్నది. ఆ తరువాత లెక్క మళ్లీ వచ్చింది."

చిట్టచివరి వాక్యం ఇది: "అన్నయ్యకు కూడా ఇది మేలు చేస్తుందేమో, మీరు, పెద్దమ్మ ఆలోచించండి."

నా భార్య కళ్లజోడు పెట్టుకుని ఉత్తరమంతా రెండుసార్లు చదివింది. "పుట్టగొడుగులా? మన బజారులో వచ్చేవేనా?" అని అడిగింది.

ఆమె ప్రశ్నకు నవ్వరాదు. ఆ వారమే జగదల్‌పూర్ సంజయ్ మార్కెట్లో బోడా దిగింది. సాలవృక్షాల క్రింద, తొలకరి ఉరుములతో బాటు నేలలోనుండి పుట్టుకొచ్చే గోళీకాయలంత పుట్టగొడుగును ఇక్కడివారు బోడా అంటారు. మొదటి రోజులలో కిలో వేయి రూపాయలు దాటుతుంది. అడవిపల్లెల స్త్రీలు మట్టితో సహా ఆకుడొప్పలలో పోసి కూర్చుంటారు. బోడాలో మత్తేమీ లేదు, రుచి తప్ప. కాని ముప్ఫైరెండేళ్లుగా బిడ్డ నోటినుండి "అమ్మా" అనే పిలుపు వినని తల్లికి అమెరికా పుట్టగొడుగుకూ, అయిదు ఫర్లాంగుల దూరంలో డొప్పలో ఉన్న పుట్టగొడుగుకూ మధ్య ఉన్న సముద్రం చాలా చిన్నదిగా కనబడుతుంది. అడవిలో దొరికే ప్రతి పుట్టగొడుగూ తినదగినది కాదనీ, ఒక్కటి తప్పు ఏరితే కాలేయం పోయి ప్రాణం మీదికి వస్తుందనీ ఆమెకు చెప్పి, ఆ రాత్రి నేనూ నిద్రపోలేదు.

మా అబ్బాయిని గురించి కొంత చెప్పాలి.

మాది విజయనగరం జిల్లా. బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం మా వంటి తెలుగు కుటుంబాలను ఎన్నింటినో ఇక్కడికి తెచ్చింది. దానికి ఆరువందల ఏండ్లకు పైగా ముందే కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఓరుగల్లునుండి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడు కనుక, మేము మొదటివారమని చెప్పుకోవడానికి వీలు లేదు. నేను జగదల్‌పూర్ స్టేషనులో బుకింగ్ గుమాస్తాగా పనిచేసి విరమించాను. వాడు 1992లో పుట్టాడు. నాలుగేళ్లు నిండినా మాట రాకపోతే ఒక నగరంలోని పేరుపొందిన వైద్యుని వద్దకు తీసుకుపోయాం. ఆయన నా భార్యవైపు చూసి, "మీరు బిడ్డను ప్రేమగా ఎత్తుకుని ఉండరు" అన్నాడు. ఆమె ఆ మాటను ఇప్పటికీ మరువలేదు. అసలు పేరు తెలియడానికి మరో నాలుగేళ్లు పట్టింది.

వానికి మాటలు లేకపోలేదు. ఉన్న మాటలన్నీ స్టేషన్ల పేర్లు. కొత్తవలస, శృంగవరపుకోట, బొద్దవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, అరకు, కోరాపుట్, జైపూర్, జగదల్‌పూర్. నేను ఇంటిలో పట్టికలు చూసుకునేటప్పుడు విని నేర్చుకున్నాడు. మనసు బాగున్నప్పుడు కొత్తవలస నుండి ఇటు వస్తాడు. బాగులేనప్పుడు జగదల్‌పూర్ నుండి అటు పోతాడు. ఈ భేదం మాకు పదేళ్లకు గాని తెలియలేదు. అప్పటివరకు వాడు ఏదో వల్లిస్తున్నాడనే అనుకున్నాం.

దసరా వస్తే మా ఇల్లు జైలవుతుంది. బస్తర్ దసరా డెబ్బైయైదు రోజుల పండుగ. దంతేశ్వరీదేవి రథం వీథులలో కదలుతుంటే నగారాలు, మోహరీలు, వేలాది జనుల కేకలు. దూరదేశాలవారు చూడవచ్చే ఆ వైభవమంతా వానికి కొరడా దెబ్బ. తలుపులు మూసి, చెవులలో దూది పెట్టి, కంబళి కప్పి పడుకోబెడతాం. అటువంటివాడు, వానాకాలంలో ఇంద్రావతి పొంగి చిత్రకోట్ వద్ద తొంబై అడుగుల లోతుకు దూకేటప్పుడు, ఆ హోరు ఎదుట కదలకుండా గంటసేపు నిలబడతాడు. అకస్మాత్తుగా వచ్చే ధ్వని వేరు, ఎడతెగని ధ్వని వేరు. ఏది వానిని బాధిస్తుందో, ఏది ఊరడిస్తుందో బయటనుండి ఊహించే ప్రయత్నంలోనే మా యౌవనం గడచింది.

ఈ కారణంచేత ఉత్తరాన్ని త్రోసిపుచ్చలేకపోయాను. మావాడు పంపిన వ్యాసాలను ఆ వానాకాలమంతా నిఘంటువు ప్రక్కన పెట్టుకుని చదివాను.

చరిత్రలో ఒక విచిత్రమున్నది. 1943లో బాల్టిమోర్ నగరంలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లలను వర్ణిస్తూ, ఈనాడు ఆటిజం అని మనం పిలిచే స్థితికి ఆ పేరు పెట్టాడు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయనవేత్త, అయిదేళ్ల క్రితం తాను తయారుచేసి పక్కన పెట్టిన ఎల్.ఎస్.డి. అనే పదార్థం మనిషి మనస్సును తలక్రిందులు చేస్తుందని మొదట యాదృచ్ఛికంగానూ, మూడు రోజుల తరువాత బుద్ధిపూర్వకంగానూ తనమీదనే తెలుసుకున్నాడు. ఒకే ఏడు వెలుగు చూసిన ఈ రెండూ పద్దెనిమిదేళ్లకు న్యూయార్క్‌లో కలుసుకున్నాయి.

కలిపినది సెరటోనిన్ అనే రసాయనం. ఆటిజం గల పిల్లలలో కొందరి రక్తంలో అది సాధారణంకంటె హెచ్చుగా ఉన్నదని 1961లో ఇద్దరు పరిశోధకులు ప్రకటించారు. ఆ పరిశీలన ఇప్పటికీ నిలిచి ఉన్నది. ఎల్.ఎస్.డి. మెదడులో సెరటోనిన్ పనిచేసే చోటనే పనిచేస్తుంది. ఇంకేమి కావాలి? పైగా ఆనాడు ఆటిజాన్ని బాల్యంలో వచ్చే స్కిజోఫ్రీనియాతో కలిపి ఒకే మూటగా కట్టేవారు. ఆ రెంటినీ వేరుచేసి అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో వ్రాసుకున్నది 1980లో.

క్రీడ్‌మూర్ ప్రభుత్వాసుపత్రిలో లారెట్టా బెండర్ అనే వైద్యురాలు తన సంరక్షణలోని పిల్లలకు ఎల్.ఎస్.డి. ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక్కసారి కాదు, ప్రతిదినం, వారాలు, కొందరికి నెలలు. అంతకు పూర్వం పిల్లలకు విద్యుదాఘాత చికిత్స చేసినది కూడా ఆమెయే. పిల్లలు సంతోషంగా ఉన్నారనీ, ముఖాలలోకి చూస్తున్నారనీ, కొట్టుకోవడం తగ్గిందనీ ఆమె వ్రాసింది. 1962లో ఫ్రీడ్‌మన్, ఎబిన్, విల్సన్ అనే మరి ముగ్గురు బ్రూక్లిన్‌లోని ఒక పాఠశాల పిల్లలు పన్నెండుమందికి ఇచ్చి చూశారు. మూగతనం విడిపోతుందనే ఆశతో ఇచ్చారు. మాట రాలేదు. పిల్లలు మరింత లోపలికి ముడుచుకున్నారని వారు నిజాయితీగా ఒప్పుకున్నారు. 1966లో లాస్ ఏంజెలెస్‌లో సిమన్స్, లోవాస్ మొదలైనవారు ఇద్దరు కవలపిల్లలకు ఇచ్చి, వారు పెద్దల దగ్గరకు ఎక్కువగా వస్తున్నారనీ, నవ్వుతున్నారనీ, మందు దిగిపోగానే అదీ పోయిందనీ లెక్కలతో చూపారు. ఈ లోపల ఎల్.ఎస్.డి. వీథికెక్కింది, తయారీదారులు సరఫరా ఆపివేశారు, ప్రభుత్వాలు నిషేధించాయి. ప్రయోగాల అధ్యాయం అక్కడ ముగిసింది. తరువాతి కాలంలో ఆ నివేదికలను తిరిగి పరిశీలించినవారు, మందు తీసుకున్నవారినీ తీసుకోనివారినీ పోల్చి చూసే జాగ్రత్త చాలావాటిలో లేదనీ, వాటిమీద ఆధారపడడానికి వీలు లేదనీ తేల్చారు.

శాస్త్రజ్ఞుల అభ్యంతరం అది. నా అభ్యంతరం ఇంకొకటి. ఆ నివేదికల సారాంశాలు ఎన్ని చదివినా వాటిలో ఒక్క పిల్లవాని మాట కూడా నాకు కనబడలేదు. నవ్వాడు అని ఉన్నది. ఎందుకు నవ్వాడో లేదు. గోడవైపు చూస్తున్నాడు అని ఉన్నది. గోడలో వానికేమి కనబడుతున్నదో లేదు. ఎల్.ఎస్.డి. ప్రభావం పది పన్నెండు గంటలుంటుంది. అది పనిచేసేదంతా లోపలనే. లోపలి సంగతి చెప్పలేని పిల్లలను ఏరి, లోపల పనిచేసే మందునిచ్చి, బయట కూర్చుని వ్రాసుకున్నారు. ఆ వైద్యులు క్రూరులని నేననను. మాట తెప్పించాలని వారికి ఉన్న ఆత్రం నాకు తెలియనిది కాదు.

ఏలయనగా అట్టి ప్రయోగమొకటి నా ఇంటిలో కూడా జరిగింది. చేసినవాణ్ణి నేనే.

2008 హోలీ. వానికి పదహారేళ్లు. ఆ సంవత్సరం వాడు తన చేతిని తాను కొరుక్కోవడం మొదలుపెట్టాడు. మణికట్టు మీద పుండు మానేది కాదు. రాత్రిళ్లు నిద్ర లేదు, మాకూ లేదు. పండుగనాటి ఉదయం ఒక మిత్రుడు ఇంటికి వచ్చి, పాలలో కలిపిన భంగు చెంబు చూపి, "రెండు గుక్కలు పోయండి. మా వాళ్లలో పసిపిల్లలకు కూడా నాలుకకు రాస్తారు. హాయిగా పడుకుంటాడు" అన్నాడు. భంగు ఎల్.ఎస్.డి. జాతికి చెందినది కాదని ఇప్పుడు చదివి తెలుసుకున్నాను గాని, మనస్సుకున్న తలుపులను తీసే మందులలో మనకు ఇంటింటా పరిచయమైనది అదే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా గంజాయి పూమొగ్గలనే పట్టుకున్నది గాని ఆకును వదిలిపెట్టింది. నా భార్య వద్దన్నది. నేను అర గ్లాసు పోశాను. వాడు బాదంపాలనుకుని త్రాగాడు.

గంటసేపు ఏమీ కాలేదు. పనిచేయలేదనుకుని మరి రెండు గుక్కలు పోశాను. కడుపులోకి పోయిన భంగు రక్తంలోకి ఎక్కడానికి గంటా గంటన్నర పడుతుందనీ, ఎక్కిన తరువాత గంటలకొద్దీ దిగదనీ అప్పుడు నాకు తెలియదు. మధ్యాహ్నం రెండు గంటలకు వాడు లేచి గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. కళ్లు పెద్దవి చేసి తన అరచేతులవైపు చూస్తున్నాడు. ఒక్కొక్క వ్రేలినీ నోట్లో పెట్టుకుని తీసి, మళ్లీ చూస్తున్నాడు, అవి తనవో కావో తేల్చుకోవాలన్నట్లు. తాకబోతే కెవ్వున అరిచాడు. తరువాత స్టేషన్ల పేర్లు మొదలుపెట్టాడు.

అరకు, బొద్దవర, జైపూర్, త్యాడ, అరకు, కొత్తవలస, జైపూర్.

పదేళ్లుగా అటుగానో ఇటుగానో తప్ప ఒక్కనాడూ వరుస తప్పని ఆ నోటివెంట పేర్లు చెల్లాచెదరై పడుతున్నాయి. మధ్యమధ్య ఆగి, తప్పు పోయిందని తెలిసినట్లు తల అడ్డంగా ఊపి, మొదటినుండి ప్రయత్నించి, మళ్లీ తప్పుతున్నాడు. వాని లోకంలో కదలని వస్తువు ఆ రైలుమార్గమొక్కటే. నేను దాని పట్టాలు పీకేశాను. రాత్రి పదకొండింటివరకు అట్లాగే నడిచింది. తెల్లవారుజామున మూర్ఛ వచ్చింది. అంతకు ముందు ఒకసారి వచ్చినదే, ఆటిజం గలవారిలో మూర్ఛలు ఇతరులకంటె ఎక్కువ, కనుక భంగు వల్లనే వచ్చిందని ఏ వైద్యుడూ నాతో అనలేదు. నేను మాత్రం అనుకున్నాను.

మరునాడు మధ్యాహ్నానికి గాని వరుస కుదరలేదు. జగదల్‌పూర్ నుండి అటుగా.

తరువాత ఒక నెలకు, ఇరుగుపొరుగువారి బలవంతంమీద ఒక సిరహా వద్దకు కూడా తీసుకుపోయాం. బస్తర్ పల్లెలలో దేవత ఆవహించి పలికే మనిషిని సిరహా అంటారు. సాలవృక్షపు గుగ్గిలం పొగ, ఇప్పసారా, డోలు. డోలు మొదలుకాగానే మావాడు చెవులు మూసుకున్నాడు. ఆయన అది చూసి డోలు ఆపించాడు. దేవత ఎక్కినది ఆయనకే, ఊగినదీ ఇనుపగొలుసుతో వీపు మీద కొట్టుకున్నదీ ఆయనే, ఇప్పసారా త్రాగినదీ ఆయనే. మావాని నుదుట చిటికెడు బియ్యం పెట్టి పంపివేశాడు. ఫలితం మాట అటుంచితే, మత్తూ పూనకమూ వైద్యుడే భరించి, రోగిని దూరంగా కూర్చోబెట్టే పద్ధతి అది. పాలచెంబు చేతిలో పట్టుకున్నవాడికి ఆ సంగతి కాస్త గుచ్చుకుంది.

ఇక ఈనాటి పరిశోధన. మావాడు పంపినవాటిలో నాకు మర్యాదగా తోచినది 2018లో కాలిఫోర్నియానుండి వెలువడినది. అలీసియా డాన్‌ఫర్త్, చార్లెస్ గ్రోబ్ మొదలైనవారు ఎం.డి.ఎం.ఎ. అనే మందును ఆటిజం గల పన్నెండుమందిపై పరీక్షించారు. అందరూ వయోజనులు, సమ్మతిపత్రాన్ని తామే చదువుకుని సంతకం చేయగలిగినవారు. ఎనిమిదిమందికి అసలు మందు, నలుగురికి ఉత్తుత్తి మాత్ర, ప్రక్కన శిక్షణ పొందిన చికిత్సకులు. వారు కుదర్చబోయినది ఆటిజాన్ని కాదు, నలుగురిలోకి పోవాలంటే కలిగే భయాన్ని. ఆ భయం మందు తీసుకున్నవారిలో ఎక్కువగా తగ్గిందనీ, ఆరు నెలల తరువాత కూడా మేలు నిలిచిందనీ వ్రాశారు. పన్నెండుమంది పన్నెండుమందే, ఊరంతటికీ చాటింపు వేయడానికి చాలరు. ఇదే మందును యుద్ధాలలోనూ అత్యాచారాలలోనూ మనసు దెబ్బతిన్నవారికి చికిత్సగా అనుమతించమని అడిగితే, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఆగస్టులో నిరాకరించి, మరొక పరీక్ష చేయమన్నది. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో సిలోసైబిన్ మీద జరిగే పని ఇంకా ప్రాథమికమైనది. ఆటిజం గల వయోజనుల మెదడు చిన్న మోతాదుకు ఎట్లా స్పందిస్తుందో, ఇతరుల మెదడు ఎట్లా స్పందిస్తుందో పోల్చి చూడడమే దాని ఉద్దేశం. అక్కడ దాన్ని చికిత్స అనరు.

అయినప్పటికీ 1962కూ దీనికీ మధ్య భేదం నాకు పెద్దదిగా కనబడింది. "నీకేమైంది?" అని అడిగితే ఆ పన్నెండుమందీ జవాబు చెప్పగలరు. వద్దనుకుంటే మధ్యలో మానుకోగలరు. మా తమ్ముని కొడుకు కూడా అంతే. అతడు తిన్నాడు, మొదటి గంట నరకమన్నాడు, తరువాతిది బాగున్నదన్నాడు, మూడు వారాలకు పోయిందన్నాడు. ఆ నాలుగు మాటలూ నాకు ఆ వ్యాసాలన్నిటికంటె విలువైనవి. కాని అవి అతని లోపలి సంగతి మాత్రమే చెబుతాయి.

ఇంకొక సంగతి చదివి నేను కుర్చీలోనుండి లేచి రెండుసార్లు వరండాలో తిరిగాను. మా అబ్బాయి పదహారేళ్లుగా రిస్పెరిడోన్ అనే మాత్ర వేసుకుంటున్నాడు. ఆటిజం గల పిల్లలలో ఉద్రేకాన్ని తగ్గించడానికి అమెరికాలో 2006లో అనుమతి పొందిన మందు అది. చేయి కొరుక్కోవడం దానితోనే తగ్గింది, వళ్లు మాత్రం పెరిగింది. ఎల్.ఎస్.డి. గాని, సిలోసైబిన్ శరీరంలో మారి తయారయ్యే ద్రవ్యం గాని మెదడులో తెరిచే తలుపు ఒకటున్నది. సెరటోనిన్ గ్రాహకాలలో 2ఎ అనే రకం అది. రిస్పెరిడోన్ సరిగ్గా ఆ తలుపునే మూసి గడియ పెడుతుంది. అంటే మావాడు చెప్పిన పుట్టగొడుగు మా ఇంటిలో పనిచేయాలంటే ముందు ఈ మాత్ర మాన్పించాలి. మాన్పిస్తే మణికట్టు మీద మళ్లీ పుండు. మూర్ఛల భయం ఉండనే ఉన్నది. మానసిక వ్యాధులకు వాడే మరికొన్ని మందులతో కలిస్తే ఎం.డి.ఎం.ఎ. ప్రాణాపాయం తెచ్చిపెట్టవచ్చు. చట్టం సంగతి చివర చెబుతున్నానంటే అది చిన్నదని కాదు. ఎల్.ఎస్.డి., సిలోసైబిన్, ఎం.డి.ఎం.ఎ. మూడూ మన దేశపు 1985 చట్టంలోని జాబితాలో ఉన్నాయి.

ఆగస్టులో జవాబు వ్రాశాను. నాలుగుసార్లు కొట్టివేసి వ్రాసిన జవాబు. "నాయనా, నీ విషయంలో నేను చెప్పగలిగినది ఏమీ లేదు. నీ శరీరం, నీ మనస్సు, నీ దేశపు చట్టం. నీవు నాతో చెప్పుకున్నందుకు నాకు సంతోషం. మీ నాన్నతో కూడా చెప్పు. వాడు తిట్టినా రెండు రోజులే. అన్నయ్య విషయం వేరు. వాడిని అడిగే మార్గం నాకు తెలియదు. అడగకుండా ఒకసారి పోశాను" అని, ఇంతవరకు తమ్మునికి సైతం చెప్పని హోలీ కథ అంతా వ్రాశాను.

వారం దాకా జవాబు లేదు. ఆ తరువాత రెండే వాక్యాలు వచ్చాయి. "అన్నయ్య స్టేషన్ల పేర్లు చెబుతాడని నాకు తెలుసు. వరుసకు అర్థముందని తెలియదు."

డిసెంబరులో స్వయంగా వచ్చాడు. విమానం దిగి, విశాఖలో ఉదయం బయలుదేరే కిరండూల్ పాసింజరెక్కి, సొరంగాలన్నీ దాటుకుంటూ సాయంకాలానికి జగదల్‌పూర్ చేరాడు. రాయపూర్‌కు విమానంలో వచ్చి కారు ఎక్కవచ్చు గదా అంటే, "ఆ పేర్లన్నీ ఒకసారి వరుసగా చూద్దామని, పెదనాన్నా" అన్నాడు. నా భార్య ఎండబెట్టి దాచిన పుట్టగొడుగులతో కూర చేసి పెట్టింది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలితే జారుతున్నదనీ, ఆ స్పర్శ తనకు సరిపడదనీ ప్రక్కన పెట్టేశాడు. మా అబ్బాయి పుట్టిన బుద్ధి ఎరిగినప్పటినుండి చేస్తున్నదీ అదే. ఆమె ఇద్దరివైపూ చూసి ఏమీ అనలేదు.

మరునాడు ఇద్దరినీ స్టేషనుకు తీసుకుపోయాను. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు క్రింద మా అబ్బాయికి అలవాటైన బల్ల ఒకటున్నది. ఒక కొసన వాడు, మరో కొసన ఇతడు కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నాకు ఎవరో ఒకరిని పలకరించమని చెప్పాలనిపించి, ఊరుకున్నాను. కొంతసేపటికి ఇతడు సంచిలోనుండి చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు రెండు జతలు తీశాడు. బయటి శబ్దాన్ని ఆపేవట. ఒక జత తాను పెట్టుకున్నాడు. రెండవది వాని చేతికివ్వలేదు, నెత్తిన పెట్టలేదు. బల్లమీద ఇద్దరికీ మధ్య ఉంచి, పట్టాలవైపు చూస్తూ కూర్చున్నాడు. పదహారేళ్లు దూది పెట్టిన నేను దూరంనుండి చూస్తున్నాను.

ఇరవై నిమిషాలు గడిచాయి. వాడు దానిని ఒకసారి వ్రేలితో తాకి వదిలేశాడు. మరి కొంతసేపటికి ఎత్తి, వాసన చూసి, తిరిగి అక్కడే పెట్టాడు. ఈ లోపల బైలాడిలా ఖనిజపు గూడ్సు బండి వస్తున్న చప్పుడు వినవచ్చింది. మామూలుగా ఆ చప్పుడుకు వాడు లేచి గోడ దగ్గరికి పోతాడు. లేచాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, బల్లమీది జత తీసుకుని, ఇతడెట్లా పెట్టుకున్నాడో ప్రక్కచూపుతో చూసి, చెవులకు తగిలించుకున్నాడు. రెండు ఇంజన్లు, వాటి వెంట వాగన్లు, ఎర్రని ధూళి. బండి పూర్తిగా దాటేవరకు వాడు గోడ దగ్గరికి పోలేదు.

తరువాత, తన గొంతు తనకే వినబడక కాబోలు, కొంచెం బిగ్గరగా, "కొత్తవలస" అన్నాడు.